రైతు సలహా సంఘమున క్రొత్తగా చేరిన సభ్యులకు

ఒకనాడు కాగితము ఇంటికి వచ్చును. మిమ్ము ‘ఆత్మ’ రైతు సలహా సంఘమునందు సభ్యునిగా నియమించితిమని అందుండును. ఇరుగుపొరుగువారు వచ్చి అభినందింతురు. ఎవరో ఒకరు శాలువ కూడ కప్పుదురు. పిదప మొదటి సమావేశమునాడు ఆ సభ్యుడు కడపటి వరుస కుర్చీలో కూర్చుండి, అధికారులు చదివినదెల్ల విని, చాయ త్రాగి, రిజిస్టరులో చేవ్రాలు చేసి, బస్సెక్కి ఇంటికి వచ్చును. ఏమి జరిగినదని ఇంటివారు అడిగినచో ‘మీటింగు అయినది’ అని చెప్పును. ఇట్టి సభ్యులను మేము పెక్కుమందిని చూచియున్నాము. వారు తెలివిలేనివారు కారు. తమ నేల గుణము, తమ వాగు పోకడ, తమ యెడ్ల శక్తి వారెఱిగినట్లు మఱి యెవరును ఎఱుగరు. ఆ గదిలో తాము చేయవలసిన పని యేమో వారికి ఎవరును చెప్పలేదు, అంతియే. మన సహకార సంఘముల సభ్యులలో పలువురకు ఇట్టి పిలుపు వచ్చుచుండును గనుక, వారి కొఱకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

‘ఆత్మ’ యనగానే వేదాంతమనుకొనువారు గలరు. అది ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరముల కూర్పు మాత్రమే. తెలుగున వ్యవసాయ సాంకేతిక యాజమాన్య సంస్థ యందురు. జిల్లాకొక సంస్థ. అది సొసైటీల చట్టము క్రింద రిజిస్టరైనది; దానికి తన బ్యాంకు ఖాతాయు, తన పాలకవర్గమును గలవు. పాలకవర్గమునకు జిల్లా కలెక్టరు అధ్యక్షుడు. వ్యవసాయశాఖ, ఉద్యానశాఖ, పశుసంవర్ధనశాఖ, మత్స్యశాఖ, పట్టుపరిశ్రమశాఖ, ఇట్లు వేఱువేఱు గదులలో కూర్చుండువారిని ఒక బల్లయొద్దకు తెచ్చుట దాని ముఖ్యోద్దేశము. రైతు వాకిట ఎద్దును, వరిగడ్డియు, మామిడిచెట్టును వేఱువేఱు శాఖలుగా నుండవు గదా!

ఈ యేర్పాటునకు మన ఆదిలాబాదుతో మొదటినుండియు సంబంధము గలదు. 1998లో ప్రపంచ బ్యాంకు సహాయముతో జాతీయ వ్యవసాయ సాంకేతిక ప్రాజెక్టు మొదలైనపుడు, దేశమున ఏడు రాష్ట్రములనుండి 28 జిల్లాలను పరీక్షార్థము ఎన్నుకొనిరి. నాటి ఆంధ్రప్రదేశమునకు దక్కిన నాలుగు జిల్లాలలో ఆదిలాబాదు ఒకటి. తక్కినవి కర్నూలు, చిత్తూరు, ప్రకాశము. 2005లో ఈ పద్ధతిని దేశమునందు 252 జిల్లాలకు విస్తరింపజేసిరి. 2010లో నియమములు సవరించి, బ్లాకు, జిల్లా, రాష్ట్రము అను మూడు మెట్లయందును రైతు సలహా సంఘము లుండవలెనని నిర్ణయించిరి. 2016 అక్టోబరులో పాత కరీంనగరము, పాత ఆదిలాబాదు జిల్లాలు విడిపోయి క్రొత్త జిల్లా లేర్పడినవి. కావున జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల, కొమురంభీము ఆసిఫాబాదు ప్రాంతములవారు, పాత జిల్లాలవారు, అందఱును ఈ మాటలు తమకనియే తలపవలెను.

ఇంతకు ముందున్న పద్ధతి ‘శిక్షణ, సందర్శన’ యనునది. పదునైదు దినముల కొకమారు ఉద్యోగికి పాఠము చెప్పుదురు. అతడు దానిని ఊరూరికి మోసికొనిపోయి కొందఱు రైతులకు అప్పగించును. నీరు మెఱకనుండి పల్లమునకు పాఱినట్లు మాట పైనుండి క్రిందికే వచ్చుచుండెను. క్రిందనుండి పైకి మాట పోవుటకు త్రోవ లేకుండెను. రైతు సలహా సంఘము ఆ త్రోవ కొఱకు పుట్టినది. సభ్యుడు నోరు మెదపనిచో ఆ త్రోవ మూతపడినట్లే.

ఇక సభ్యుడు అన్నిటికంటె ముందు తెలిసికొనవలసినది ధనము నడచు మార్గము. ప్రతి జిల్లాకును పరిశోధన, విస్తరణలకు సంబంధించిన యొక దీర్ఘకాల ప్రణాళిక యుండును. దాని ననుసరించి బ్లాకులోని సాంకేతిక బృందమువారు, అనగా ఆయా శాఖల ఉద్యోగులు, ఏటేట కార్యాచరణ ప్రణాళిక వ్రాయుదురు. ఎన్ని ప్రదర్శన క్షేత్రములు, ఏ పంటలో, ఏ యూరిలో, ఎందఱు రైతులను చూచి వచ్చుటకు ఏ పరిశోధన స్థానమునకు పంపవలెను, క్షేత్ర పాఠశాల ఎవరి పొలమున నడుపవలెను, ఇదియెల్ల అందుండును. ఆ కాగితమును రైతు సలహా సంఘము ఎదుట నుంచి, దాని సమ్మతి పొందిన పిమ్మటనే జిల్లాకు పంపవలెను. అచ్చట అన్ని బ్లాకులవియు కూర్చి, పాలకవర్గము ఆమోదించి, రాష్ట్రమునకు పంపుదురు. ఖర్చులో నూటికి 60 పాళ్లు కేంద్రము, 40 పాళ్లు రాష్ట్రము భరించును. ఆ సొమ్ములో నూటికి 30 పాళ్లకు తక్కువ గాకుండ మహిళా రైతులకును, మహిళా ఉద్యోగులకును కేటాయింపవలెనని నియమము. ఈ కడపటి నియమమును ప్రతి సభ్యుడును కంఠస్థము చేయుట మంచిది. మన జిల్లాలలో నాట్లు, కలుపులు, పత్తి యేఱుట ఎవరి చేతులమీదుగా నడచుచున్నవో వేఱుగ చెప్పనక్కఱలేదు. విహారయాత్రవంటి సందర్శనములకు మాత్రము బస్సునిండ తలపాగలే కనబడును.

ప్రణాళికలో ఎక్కని పనికి ఏడాది నడుమ రూపాయి దొరకుట కష్టము. కావున ఆ కాగితము బల్లమీదికి వచ్చిన గంటయే సభ్యుని గంట. మేమొక సమావేశమున చూచితిమి: పదుమూడు అంశములు ఒక చాయ చల్లారునంతలో ‘ఆమోదింపబడినవి’. ఏ యూరు, ఏ రైతు, ఏ విత్తనము అని అడిగినవారు లేరు. చేవ్రాళ్లు మాత్రము పూర్తిగ నుండెను.

సహకార సంఘమున పెరిగిన సభ్యునికి ఇచ్చట ఒక సౌకర్యము గలదు. 1956లో ములుకనూరున స్థాపింపబడిన సహకార గ్రామీణ బ్యాంకు మొదలుకొని మన యూరి చిన్న పాలసంఘము వఱకు, ఎజెండా, కోరము, తీర్మానము, మినిట్సు పుస్తకము అనునవి మనకు క్రొత్తవి కావు. ఆ యలవాటునే ఇచ్చటికి తీసికొనిపోవలెను. ఎజెండా ముందుగ పంపుమని అడుగవలెను. పోయినసారి మినిట్సు చదువనిదే పని మొదలుపెట్టనీయరాదు. తాను చెప్పిన మాట పుస్తకమున ఎక్కినదా లేదా చూచి మఱి చేవ్రాలు చేయవలెను. భేద మొకటి గుఱుతుంచుకొనవలెను. సహకార సంఘములో మనము యజమానులము. మన వోటుతో పాలకవర్గము మాఱును. ఇచ్చట మనము సలహాదారులము. సలహాకు బలము సంఖ్యవలన రాదు. అది నిజమైనదగుటవలనను, పుస్తకమున వ్రాయబడుటవలనను, మఱల మఱల అడుగబడుటవలనను వచ్చును.

నిజమైన సలహా యెట్లుండునో వరిపైరున చూతము. మన ఉత్తర తెలంగాణమున వానకాలపు వరికి ఉల్లికోడు పాతపగ. దోమవంటి చిన్న యీగ గ్రుడ్లు పెట్టగా, వెలువడిన పురుగు పిలకలోనికి దూరును. అంతట ఆకు విప్పుకొనక ఉల్లికాడవలె గొట్టమై పైకి వచ్చును. ఆ పిలక ఇక వెన్ను వేయదు. 1986లో బాపట్లనుండి వెలువడిన సాంబమసూరి, గింజ సన్నదనముచేతను అన్నము రుచిచేతను తెలుగుదేశమంతట ప్రాకినది గాని, ఉల్లికోడునకు అది తాళజాలదు. బాపట్లలో మంచిదైనది మనకు మంచిది కాకపోయెను. జగిత్యాల చేరువ పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమువారు ఆ సాంబమసూరినే, ఉల్లికోడును తట్టుకొను ‘కావ్య’ అను వరంగల్లు రకముతో సంకరము చేసి, ‘జగిత్యాల సన్నాలు’ అను రకమును తీసిరి. గింజ సన్నము, పంటకాలము తక్కువ, ఉల్లికోడును తట్టుకొనును.

అంతటితో కథ తీరలేదు. ఉల్లికోడంతయు ఒకే జాతి గుణము గలది కాదు; దానిలో తెగలు గలవు. ఒక తెగను తట్టుకొన్న వరి మఱియొక తెగకు లొంగిపోవును. జగిత్యాలలో నున్న తెగ వేఱు, వరంగల్లులో నున్న తెగ వేఱని శాస్త్రజ్ఞులు గుర్తించియున్నారు. రెండు ఊళ్లకును నడుమ దూరము అంత పెద్దది కాదు. పురుగునకు మాత్రము అది చాలును. అట్లయిన, ఏ మండలమున ఏ రకము నిలిచినది, ఏది గొట్టములు వేసినది అను వార్త పొలమునుండి పోవలసినదే గాని ప్రయోగశాలలో కూర్చుండి కనుగొనదగినది కాదు. ‘మా యూరి చెఱువు క్రింద ఫలాని రకము నాటితిమి, నాట్లైన ఇన్ని దినములకు గొట్టములు కనబడినవి, ప్రక్కమడిలో వేఱు రకము నిలిచినది’ అని ఒక సభ్యుడు లేచి చెప్పినచో, అది పది ఉపన్యాసములకంటె విలువ గలది. వానకాలమునకు ముందును, యాసంగికి ముందును మన మండలపు పరిశోధన, విస్తరణ సలహా మండలి కూడి శాస్త్రజ్ఞులును ఉద్యోగులును ఇట్టి వార్తలనే చర్చింతురు. జమ్మికుంట, రామగిరిఖిల్లా, బెల్లంపల్లి, ఆదిలాబాదులలోని కృషి విజ్ఞాన కేంద్రములకును తమ తమ శాస్త్రీయ సలహా సంఘములు గలవు. సభ్యుడు తన వార్తను వీనిలో దేనికి చేర్చినను మేలే.

పత్తి సంగతి మఱియొక విధము. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చెను. 2006లో రెండు జన్యువులు గల విత్తనము వచ్చెను. పచ్చపురుగు భయము చాలవఱకు తగ్గెను. కాని గులాబిరంగు పురుగు కాలక్రమమున ఆ విషమునకు అలవాటుపడినది. కాయలోపల నుండి తినును గనుక పైకి తెలియదు. దీనికి మందు ఒక రైతు చేతిలో లేదు. ఒకడు లింగాకర్షక బుట్టలు పెట్టి, సకాలమున పంట ముగించి, కట్టెను పెఱికివేసినను, పొరుగువాడు నాలుగు కాయల యాశతో వేసవివఱకు చేను నిలిపియుంచినచో పురుగు అచ్చట కాచుకొనియుండి మఱుసటి యేడు ఇరువురకును వచ్చును. ఇట్టి పని ఊరంతయు కలిసి చేయవలసినది. కావున ఇది సలహా సంఘమునకు అచ్చముగ తగిన పని. ఒక యూరివారు ఒకే వారమున పంట ముగించుటకు తీర్మానించుకొన్నచో, ఆ యూరిని ప్రదర్శనగ్రామముగ ఎన్నుకొనుడని సభ్యుడు ప్రణాళికలో వ్రాయింపవచ్చును.

సంఘమునకు తగని పనులును గలవు. పింఛను, రోడ్డు, కరెంటు స్తంభము మున్నగు అర్జీలు తెచ్చి, అవి తీఱనందున అలిగి రాకపోవు సభ్యులను చూచియున్నాము. ఆ మాటలు అబద్ధములు కావు. చోటు ఇది కాదు. పత్తికి తేమ ఎక్కువ యున్నదని కొనుగోలు కేంద్రమున బండి త్రిప్పి పంపిరని ఒకరు కోపముతో మొఱపెట్టిరి. పత్తి సంస్థవారి లెక్క ప్రకారము తేమ 8 పాళ్లున్న పూర్తి ధర, 12 దాటిన కొనరు. ఆ నియమము మార్చుట ఈ సంఘమున కాదు. కాని మంచుపడు ఉదయమున ఏఱిన పత్తిని ఎట్లు ఆరబెట్టవలెను, ఎక్కడ నిలువచేయవలెను, ఇంటనుండి కదలకముందే తేమ కొలుచుకొనుటకు ఊరికొక యంత్రము దొరకునా యనునది ముమ్మాటికి ఈ సంఘపు పనియే. ఒకే కష్టమునకు రెండు ముఖములుండును; తన గదికి చెందిన ముఖమును పట్టుకొనుట సభ్యుడు నేర్వవలెను.

ఆదిలాబాదు కొండలవైపు సభ్యులకు ఒక మాట. ఉట్నూరు, జైనూరు ప్రాంతములలో గోండులు, కొలాములు తమ తమ భాషలు మాటలాడుదురు. పెన్‌గంగ యొడ్డున మరాఠీ వినబడును. తెలుగున చదివిన సలహా అచ్చట సగము చెవులకే చేరును. 1943లో మార్లవాయిలో హైమెండార్ఫుగారి పూనికతో గోండు పిల్లలకు బడి పెట్టినపుడు గోండీలోనే చదువు మొదలుపెట్టిరి. ఎనుబది సంవత్సరములు గడచిన పిమ్మట విత్తనశుద్ధి సంగతి చెప్పుటకు ఆ పాటి శ్రద్ధ చూపుట మనకు భారము కారాదు. ఆ సభ్యులు తమ భాషలో మాటలాడి, మఱియొకరిచేత తెలుగు చేయించుటకు సిగ్గుపడనక్కఱలేదు.

మేము చదివిన మిషను బడిలో ఒక యుపాధ్యాయుడుండెడివారు. పలకమీద వ్రాయని ప్రశ్నకు వారు జవాబు చెప్పరు. వ్రాయుటకు కూర్చున్నపుడు సగము ప్రశ్నలు తమంతట తామే విడిపోయెడివి. మిగిలిన సగము పదునెక్కెడివి. క్రొత్త సభ్యుడు పదిరూకల నోటుపుస్తక మొకటి కొని, సమావేశమునకు వారము ముందు తన యూరిలో ముగ్గురు నలుగురిని కలిసి, వారిలో ఒకరైనను భూమి తక్కువవారుగను, ఒకరైనను స్త్రీగను ఉండునట్లు చూచి, వారి మాట వ్రాసికొని రావలెను. చదువురానిచో బడిపిల్లవానిచేత వ్రాయించిన చాలును. కాల మొకటి మఱువరాదు. రోహిణిలో దుక్కులు కదలును, మృగశిరకు విత్తనము నేలలో పడును. ఆరుద్రలో కూర్చుండి వానకాలపు విత్తనమును చర్చించు సంఘము వచ్చే యేటి కొఱకు చర్చించుచున్నట్లే. వేసవిలోనే సమావేశము పెట్టుడని అడుగుట సభ్యుని హక్కు.

కడపట మా తప్పొకటి చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక మండలమున కంది ప్రదర్శన మా చేతికి వచ్చెను. మేము రోడ్డు ప్రక్కన, బోరు గల యొక పెద్దరైతు చేనును ఎన్నుకొంటిమి. కారణము దాపరికము లేదు: అధికారులు దిగి చూచుటకు అనుకూలము, పైరు చెడు భయము తక్కువ. పైరు నడుమెత్తు దాటి పెరిగి కొమ్మకొమ్మకు కాయ పట్టెను. క్షేత్ర దినోత్సవమునాడు షామియానా వేసి, మజ్జిగ పోసి, ఫోటోలు తీయించితిమి. అప్పుడు సలహా సంఘమున క్రొత్తగా చేరిన యొక పెద్దమ్మ లేచి, “సారూ, ఈ చేనుకు బోరున్నది. మా చెలకకు మొగులే దిక్కు. మా దాంట్ల గూడ గిట్లనే పండుతదా?” అని అడిగెను. మావద్ద జవాబు లేకుండెను. పండునని చెప్పిన అబద్ధము. పండదని చెప్పిన, మఱి ఈ షామియానా ఎందుకని అడుగుదురు. మేము నవ్వి ఊరకుంటిమి. రిపోర్టులో మాత్రము ‘రైతులు సంతృప్తి వెలిబుచ్చిరి’ అని వ్రాసితిమి.

ఆ పెద్దమ్మ సంతృప్తి వెలిబుచ్చలేదు. తరువాతి సమావేశమున అదే ప్రశ్న అడిగెను. మినిట్సులో ఎక్కలేదని తెలిసి, ఆపై సమావేశమున ఆ సంగతియు అడిగెను. ‘మళ్లీ అదేనా అమ్మా’ అని ప్రక్క కుర్చీలో నున్న సభ్యుడు విసుగుకొనెను. ప్రణాళిక కాగితము బల్లమీదికి వచ్చినపుడు ఆమె చేవ్రాలు చేయక వ్రేలు పెట్టి చూపి, చెలక యెక్కడ వ్రాసినారో చదువుమనెను. ఎక్కడను వ్రాయలేదు. ఆ దినమే రెండు ప్రదర్శన క్షేత్రములను రోడ్డునుండి తీసి, ఊరి వెనుక ఎఱ్ఱ చెలకలలో, బోరు లేని ఇద్దఱు చిన్న రైతులకు మార్చి వ్రాయవలసివచ్చెను. 

ఆ యేడు నడుమ వానలు ముఖము చాటువేసినవి. రెండింటిలో ఒక చేను రాలుగాయతో పోయెను. రెండవది పొట్టిగ పెరిగి, రోడ్డుప్రక్క చేనులో పండినదానికి సగము గూడ పండలేదు. ఫోటో తీయదగిన పైరు కాదు, షామియానా వేయలేదు. అయినను ఆ చేనుగట్టుమీదికి ఇరుగుపొరుగువారు తమంతట తామే వచ్చి, చాలుకు చాలుకు నడుమ ఎంత యెడము విడిచితివని ఆ రైతును అడుగుచుండిరి. బోరు చేను చూచినపుడు వారిలో ఎవరును ఆ ప్రశ్న అడుగలేదు. కోతలైన పిమ్మట ఆ పెద్దమ్మ కార్యాలయమునకు వచ్చి, కొంగు ముడి విప్పి, గుప్పెడు కందులు మా బల్లమీద పోసి, “ఇవి బోరు లేని చేనుయి సారూ, రాసుకోండ్రి” అనెను. ఎకరమునకు ఎంత వచ్చినదో, వాన ఎన్ని దినములు పడలేదో, పోయిన చేను ఎందుకు పోయినదో ఆమె చెప్పుచుండగా వ్రాసికొంటిమి.